జరుగుండ్రి

వారానికి ఆరు దినాలు
మెహిదీపట్నం బస్సుల నేను అరిచేది ఒక్కటే మాట:
జరుగుండ్రి, లోపలికి జరుగుండ్రి.
ఏడో దినం, మంగళవారం,
గుల్నార్ మీద కూసుంటే
ఆ మాట నోట్లకెల్లి రాదు.

గుల్నార్ పెండ్లిగుర్రం.
నయాఖిల్లల ఉండే యాకూబ్ మియాది.
మూఢమొచ్చినా మొహర్రమొచ్చినా దానికి సెలవు.
ఉట్టిగ నిలవడితే కాళ్లు వాస్తయని
తిప్పుకరా బిడ్డా అంటూ కళ్లెం చేతిల వెడతడు.
పైసలు తీసుకోడు.
టికెట్ లేని సవారీ
నా జన్మల ఇదొక్కటే.

తారామతి బారాదరి దాటినంక
మూసీ ఒడ్డుపొంటి కొత్త బాట.
మొదట్ల బోర్డు:
నడిచేటోళ్లకు, సైకిళ్లకు మాత్రమే.
గుర్రమని రాయలే. వద్దని సుత రాయలే.
బర్రెల ముచ్చట కూడా లేదు గానీ
అవి బోర్డులు చదవయి, రోజూ వస్తయి.

గుర్రం మీదికెళ్లి చూస్తే గోడలన్నీ పొట్టిగైతయి.
గేటు కాడ పేరు రాసుకుంటె గానీ లోపలికి రానియ్యని కాలనీల
ఆరేసిన లుంగీలు, పగిలిన బకెట్లు,
ఎవరిండ్లల్లనైనా గవ్వే.

ఎవరికి ఎవరు జరగాలె?
ఒక ఏడాది పట్టింది నాకు తెలిసేసరికి.
ఎదురంగ సైకిలొస్తే నేనే ఆగుత.
చెవులల్ల పాట పెట్టుకున్నోళ్ల వెనుకనుంచి పోతే
వాళ్ల గుండె ఆగుతది,
అందుకే దూరంకెల్లే దగ్గుత.
చిన్న పిల్లలుంటే దిగి నడుస్త.
లద్ది ఎత్తనీకి జీనుకొక యూరియా సంచి,
అంచు విరిగిన చాట.
అయినా ఒక పెద్దమనిషి, తెల్ల బూట్లాయన,
కనవడ్డప్పుడల్లా అడుగుతడు:
ఇది మనుషుల బాటనా, గుర్రాల బాటనా?
నేను పక్కకు నిలవడుత.
గుల్నార్ ఆయన టోపీ వాసన చూస్తది.

మొన్న, వాన కొట్టి ఆగిన పొద్దు.
వంతెన కాడి మలుపుల
కనవడకముందే వినవడ్డది
డప్పు.
నా మోకాళ్ల నడుమ గుల్నార్ ఒళ్లు
పొయ్యి మీది పాల లెక్క లేచింది.
పదకొండేండ్ల బరాతులు మోసిన జీవి,
డప్పంటే దానికి ఒక్కటే అర్థం.
మెడ వంచింది, ముందటి కాలు లేపింది,
అడుగు ఇటు, అడుగు అటు

మలుపు తిరిగి పాడె వచ్చింది.

సైకిళ్లోళ్లు దిగిండ్రు.
చెవులల్ల పాటలు ఊడినయి.
తెల్ల బూట్లాయన టోపీ తీసి బురద గడ్డిల నిలవడ్డడు.
బర్రెలు సుత కట్ట దిగినయి.
ఎవ్వలూ అరవకుండనే
బాట మొత్తం జరిగింది.
నడిమిట్ల మేమిద్దరమే.
అది ఆడుతుంది, నేను సిగ్గుతోని చస్తున్న.
దూకిన. కళ్లెం గుంజిన. అరచేతితోని దాని కన్ను మూసిన.
ఆగుమంటే ఇంకింత సింగారం.

నిప్పుకుండ పట్టిన పిలగాని పక్కకెల్లి
ఒకాయన నా దిక్కు వచ్చిండు.
కండ్లు ఎర్రగ, నోట్ల కల్లు వాసన.
కొడతడనుకున్న.
జేబుల నుంచి పది రూపాయల నోటు తీసి
గుల్నార్ తల చుట్టూ మూడుసార్లు తిప్పి
డప్పాయన చేతిల వెట్టిండు.

మా అన్నను పెండ్లినాడు
ఊరి బాట మీద గుర్రమెక్కనియ్యలే, అన్నడు.
ఎవలు అని నేను అడగలే.
ఆడనీ, అన్నడు.

డప్పు ఒక్క పాలు గట్టిగ మోగింది.
కళ్లెం వదులు చేసిన.
పాడె ముందట, ఖాళీ జీనుతోని,
గుల్నార్ ఆడుకుంట పోయింది.
వెనుక నేను, చెప్పులు చేతిల పట్టుకొని,
బాట తెగే దాక.

మర్లి వచ్చేటప్పుడు
తొవ్వ పొడుగూత పేలాలు, రూపాయి బిళ్లలు.
గుల్నార్ పెదవులతోని పేలాలు ఏరుకొని తిన్నది,
బిళ్లలు ముట్టలే.
వంతెన కాడ లద్ది వేసింది.
నేను చాట తీసిన.
తెల్ల బూట్లాయన ఇంకా ఆన్నే ఉన్నడు.
ఏం అడగలే.
మొకం అటు తిప్పుకొని, ముక్కు మూసుకొని,
ఒక్క చేతితోని
సంచి మూతి తెరిచి పట్టిండు.