బొటనవేలంత కుడికి

డెబ్బైలో కొన్నాడు మా మేనమామ క్సావెరీ ఈ డస్టర్ని.
కొన్న మర్నాడే పాడుచేశాడని మా అమ్మమ్మ.
మర్నాడే బాగుచేశానని ఆయన.
ఇద్దరూ చెప్పేది ఒకే ఆదివారం సంగతి.

నాకు కావలసింది ఆ ఆదివారం సాయంత్రపు కారు.

హామ్‌ట్రామిక్ ఫ్యాక్టరీ గేటు దాటిన నాటిది కాదు.
అలా కట్టేవాళ్ళు వేరే ఉన్నారు, మహా ఓపికమంతులు,
ఇన్‌స్పెక్టరు ఆదరాబాదరాగా గీకిన సుద్దగీతని
పాత ఫొటో ముందుపెట్టుకుని
గంటసేపు గీస్తారు, ఆదరాబాదరాగా కనబడేట్టు.
నాకు తోకెత్తిన తేలు కావాలి.
వెనక స్ప్రింగులకి పొడుగు షాకిళ్ళు,
పసుప్పచ్చ ట్రాక్షన్ బార్లు,
ఫ్లింట్ సంతలో పాతపేపర్లో చుట్టి ఇచ్చిన
నాలుగు నోళ్ళ కార్బ్యురేటరు,
అయిదు చువ్వల మాగ్ చక్రాలు, ఒక్కోటీ ఒక్కో ఊరిది,
నాలుగోది టొలీడోలో
కోళ్ళగూటి తలుపు పడిపోకుండా ఆపుతూ దొరికింది.

రెండేళ్ళు తుమ్మితే ఎర్రగా వచ్చింది.
అడుగు రేకు చేత్తో నొక్కితే అప్పడంలా విరిగింది.
అవన్నీ చేతనైన పనులే, కోసి, అతికి, అరగదీసి.

ఒక్కటే మిగిలింది.
మధ్యలో ఎవరో యజమాని, మర్యాదస్తుడు,
డ్యాష్‌బోర్డుకి మామయ్య పెట్టిన తూటుని పూడ్పించాడు.
పైనంతా సీసం, కింద మాటు రేకు,
టాకోమీటరు తీగ ఎక్కడ దిగేదో
చెప్పడానికి మచ్చయినా లేదు.

పోయిన వారం రంగు ఆరింది. చిలకపచ్చ.
నీళ్ళకాగితంతో మూడుసార్లు రుద్దితే
అందులో నా మొహం నాకన్నా బావుంది.
దాన్ని ఇప్పుడు పొడవాలి.

హీటరు పక్కన కుర్చీ వేసుకుని మామయ్య.
టార్చి పట్టింది పక్కింటి యెమెనీల అబ్బాయి ముఖ్బిల్.
నేను కొలిచి, నడిమధ్య చుక్క పెట్టాను.
"అక్కడ కాదు."
"మధ్య ఇదే మామా."
"మధ్య అదే. నేను పొడిచింది మధ్యలో కాదు.
బొటనవేలంత కుడికి."
"ఎందుకట?"
"టార్చి పళ్ళతో పట్టుకున్నా. నవ్వొచ్చింది."
ఎవరు నవ్వించారో చెప్పలేదు.

లేచొచ్చి బొటనవేలు ఆనించాడు రంగు మీద.
కీళ్ళవాతానికి బుడిపెలు కట్టిన వేలు,
అప్పటిది కాదు.

నా చేతులకి తుప్పు కోయడం వచ్చు,
మంచిదాన్ని కోయడం రాదు.
డ్రిల్లు ముందు పచ్చటి పొడి రాల్చింది,
తర్వాత బూడిదరంగు ప్రైమరు,
తర్వాత సీసం, వెన్నలా, చుట్టలు చుట్టలుగా.
గట్టి ఉక్కు తగులుతుందని పళ్ళు బిగించాను.
తగల్లేదు.
పల్చటి మాటు రేకు ఒకటి టప్పుమని,
డ్రిల్లు పాత ఖాళీలోకి జారిపోయింది.

ముఖ్బిల్ ఈల వేశాడు.
మామయ్య మాత్రం, మరి చెప్పాను కదా, అన్నట్టు
ముక్కు తుడుచుకున్నాడు.

రాత్రి ఇంజను లేపాం.
ఒకటి, ఎనిమిది, నాలుగు, మూడు,
ఆరు, అయిదు, ఏడు, రెండు:
సిలిండర్లు మండే వరస ఎక్కంలా అప్పజెప్పాడాయన,
నిన్న ఏం తిన్నాడో గుర్తులేని మనిషి.
కుంటుతూ, కుంటుతూ నిలబడింది చప్పుడు,
గోడకి తగిలించిన రెంచీలు ఒకదాన్నొకటి గీరుకున్నాయి.

జోసెఫ్ కాంపో వీధిలోకి మలుపు తిప్పాక తెలిసింది.
నడిపేవాళ్ళకి ఆ ముల్లు కనబడదు.
స్టీరింగు అడ్డం.
పక్కసీటుకైతే, అరచేతిలో గడియారమంత తేటగా.

పక్కసీట్లో మామయ్య.
"ఈ పక్క కూచోవడం ఇదే మొదలు," అన్నాడు,
కొంచెం ముందుకి వంగి,
పోలిష్‌లో, నా వైపు చూడకుండా
అంకెలు చదవడం మొదలుపెట్టాడు.
రెండు వేలు.
రెండున్నర.
ఇంకా తొక్కు.