పార్టు నంబరు నూటా పద్నాలుగు

మండలాఫీసు పాత గదిలో బీరువా కాలు విరిగితే
కింద ఎత్తుగా పెట్టినారు
యాభై రెండో సంవత్సరం ఓటర్ల జాబితాను.
చెదలు దులిపి, మా ఊరి కాగితాలు మాత్రం
కొంగులో చుట్టుకొచ్చినా.
అంగన్‌వాడీ టీచర్ని నేను,
ఎలక్షన్లొస్తే బూతు ఆఫీసర్ని.

చెలిమలదిన్నె నియోజకవర్గం, అనంతపురం జిల్లా.
ఇంటి నంబరు పదిహేడు.
కుళ్ళాయప్ప, వయసు ముప్పై.
కుళ్ళాయప్ప పెండ్లాము, వయసు ఇరవై రెండు.
పెండ్లాము మీద ఎర్రసిరా గీత.

ఆ గీత కింద ఉండేది మా అవ్వ.
లెక్క రాసేటాయన వాకిట్లో నిలబడి పేరడిగితే
తలుపు చాటు నుంచి గాజులు మాత్రం పలికినాయంట.
గాజులకు ఓటు లేదు.

యాభై అయిదులో మళ్ళా వచ్చినారు.
అవ్వ కల్లంలో కొర్రలు తూర్పారబడుతా ఉంది.
గాలివాలు చూసుకుంటానే, చేట దించకుండానే,
"సుంకులమ్మ. రాసుకో నాయనా, కొట్టేయాకు"
అని ఊరంతా వినేట్టు చెప్పింది.
తాత మూడు దినాలు సంగటి ముందర
తల ఎత్తలేదు.

అప్పుడు మనిషికొక పెట్టె.
గంప గుర్తు పెట్టెలో కాగితమేసి
పెట్టెకు చెవి ఆనించి
అది అడుగున పడిన సప్పుడు విన్నాకే
బయటికొచ్చిందంట మా అవ్వ.

గెలిచినాయన ఎద్దులబండిలో వచ్చి
వంకలో చెలిమ తోడి, దోసిట్లో తాగి
"తీపు నీళ్ళప్పా మీవి" అన్నాడు.
జీపులో వచ్చినాయన వంతెనకు రాయి పాతినాడు.
రాయి మంచిది, దాని మీద బట్టలు బాగా తెల్లబడతాయి.
ఆ తరువాతాయన వెంట తుపాకులొచ్చినాయి,
ఆ అయిదేండ్లు చెంబు పట్టుకొని పోయేదానికి కూడా
గుంపుగా పోయినాం.

ఒకసారి సీటు రిజర్వయింది.
మాదిగ ఈరన్న కొడుకు నరసింహులు
అయ్యవారి ఉద్యోగం వదిలి నిలబడినాడు, గెలిచినాడు.
రెడ్డి ఇంటికి పోతే
కుర్చీ తెమ్మనేదానికి ఆ ఇంట్లో ఎవురికీ నోరు రాలేదు.
నిలబడే మాట్లాడి వచ్చినాడు.
అసెంబ్లీలో ఒక్కసారి లేచినాడంట,
మా వంక ఎండిపోయిందని చెప్పేదానికి.
మరుసటి దినం పేపర్లో పడింది:
"వంకలు పెట్టిన సభ్యుడు."
ఆ ముక్క కత్తిరించి ఆయప్ప
చనిపోయేదాకా జేబులో పెట్టుకున్నాడు.

రెండువేల ఎనిమిదిలో ఇంకొక గీత వచ్చింది.
ఎర్రది కాదు, సన్నంది, కంప్యూటరుది.
వంకకు ఈ పక్క ఒకరికి, ఆ పక్క ఇంకొకరికి.
బూతు అదే బడిలో, అవే బెంచీలు,
చెలిమలదిన్నె మాత్రం పటంలో లేదు.

"ఊరు యాడికీ పోలేదు గదమ్మే,
పేరెట్ల పోయె?"
"పేరు చెప్పకుంటే కొట్టేస్తారు గదవ్వా" అని నవ్వినా.
అవ్వ నవ్వలేదు.
వక్క కొరుకుతా కొంచెంసేపు ఊరుకుని,
"అట్లయితే వాళ్ళొచ్చి అడిగిన పొద్దు
మనూరి తరపున తలుపు చాటున
నిలబడిందెవురో కనుక్కో" అనింది.

కనుక్కోలేదు. ఎవుర్ని అడగాలో తెలీలేదు.

మొన్న మాఘంలో అవ్వ పోయింది, తొంభై దాటినాక.
తీసివేత ఫారం నింపాల్సింది నేనే.
ఫోన్లో సుంకులమ్మ అని కొడితే
భర్త పేరు తప్పనిసరి అని
ఎర్రగా మెరిసింది.
కుళ్ళాయప్ప అని కొట్టినా.
నియోజకవర్గం గడి దానంతటదే నిండింది,
నా నోటికింకా అలవాటు కాని పేరుతో.

మీట నొక్కి
ఎందుకో ఫోను చెవికి ఆనించినా.
వంక అవతల ఎవురిదో మోటారు ఆడతా ఉంది.