గిట్ట మోపిన చోట

కావలి స్టేషన్ రోడ్డులో నా మిషను.
దారాల డబ్బాకి ఫోను ఆనించి
కాజాలు కుట్టుకుంటా బొమ్మలు చూస్తుంటా.
నాకిప్పుడు నలభై ఆరు. నవ్వేవాళ్లని నవ్వనీ.

దక్షిణాన నెల్లూరు, దర్గామిట్టలో పెన్నేరు స్టూడియో.
ఉత్తరాన ఒంగోలు, లాయరుపేట మేడమీద గిత్త స్టూడియో.
మధ్యలో మేము,
అటు రైలూ ఇటు రైలూ రెండు నిమిషాలాగి పోయే ఊరు.

పెంచలయ్య నెల్లూరు పక్షం.
రొయ్యల చెరువుల్లో గాలిచక్రాలు బాగుచేస్తాడు,
నీళ్ల సంగతి వాడికొకరు చెప్పాలా.
"కొంగ రెక్క దులిపితే చుక్కలెట్టా పడ్డాయో చూడన్నా,
ఒక్కో చుక్కా ఒక్కో తూకం.
ఒంగోలోళ్లు ఏరు గీస్తే
నేలకి నీలం సున్నం కొట్టినట్టుంటది."

మాలకొండయ్యది పొదిలి పక్క.
పొగాకు బేళ్ల లారీ తోలతాడు.
"నీళ్లెవుడైనా గీస్తాడు, బరువు గీసి చూపించమను.
గిత్త మోర తిప్పిద్దా,
మూపురం రవ్వంత ఆలస్యంగా ఊగిద్ది.
ఆ రవ్వంత గీసినోడికి దణ్ణం పెట్టాల."

ఇద్దరూ నా బల్ల గుద్దితే
గుండీలు ఎగిరి కాలవలో పడేవి.
ఎవరి ముందు వాళ్ల పక్షం నేను. వ్యాపారం గదా.
ఒకరోజు నోరుజారి
పెంచలయ్య ఎదట "గిత్త బలే ఉందబ్బా" అన్నా.
కుట్టిన చొక్కా తీసుకోకుండా పోయాడు.
మర్నాటి నుంచి మామూలే, వస్తాడు, టీ తాగుతాడు,
చొక్కా మాత్రం అడగడు.
అది మేకుకే ఉంది.

మొన్న ఎండల్లో కబురొచ్చింది,
రెండు స్టూడియోలూ కలిసి ఒక సినిమా తీస్తున్నాయని.

సంబరపడతారనుకున్నా.
పెంచలయ్య బీడీ పారేసి "అమ్ముడుబోయారు" అన్నాడు.
సాయంత్రం మాలకొండయ్య లారీ దిగకుండానే
అదే మాట.
పదేళ్లకి ఇద్దరి నోటా ఒకే మాటొచ్చింది,
అదీ కోపంలో.

నా దిగులు వేరే.
వీళ్ల గీత చూసి వాళ్లు, వాళ్ల రంగు చూసి వీళ్లు
నిద్ర మానుకున్నారు ఇన్నాళ్లూ.
ఎదురుగా హజరత్ దుకాణం పెట్టినాకనే గదా
నా కాలరు నిలబడటం నేర్చింది.
రేపు ఇద్దరూ ఒకే కంచంలో తింటే
ఆకలి ఎవడికేస్తది?

సినిమా వచ్చింది.
ట్రంకు రోడ్డు హాల్లో మధ్య సీటు నాది,
వాళ్లిద్దరికీ మాటల్లేవు గనక.

తెరమీద కరువు. నడిచి నడిచి
గిత్త పెన్న ఒడ్డుకొచ్చింది.
దుమ్ము ఒంగోలుది, తెలిసిపోతానే ఉంది.
నీళ్లు నెల్లూరివి, అవీ దాగవు.
గిత్త ముంగాలు ఎత్తింది.
అద్దాలు తుడుచుకుని ముందుకి వంగా.
ముప్పై ఏళ్లుగా కుట్లు వెతికే కన్నిది,
ఎంత సన్నదారమైనా పట్టేస్తది.

గిట్ట మోపింది.
నీళ్లు దాన్ని తడిమి, జంకి, మళ్లీ తడిమాయి.
మూపురం రవ్వంత ఆలస్యంగా ఊగింది.
ఆ ఊపుకి ఒక అల లేచి
అవతల కొంగ కాళ్లదాకా పోయింది.

ఎంత చూసినా కుట్టు కనపడలా.

"ఆ అల మాది" చీకట్లో పెంచలయ్య.
"బరువు పడకుండా అల లేస్తదా?" నా మీదుగా మాలకొండయ్య.
వెనక నుంచి ఎవరో కసిరారు.
నేనూ ఉష్ అన్నాగాని
ప్రాణం లేచొచ్చింది నాకు,
పోట్లాట చావలేదు!

రెండో సగం అంత బాలేదు.
కొంగ చేత నీతులు చెప్పించారు,
ఆ పాపం ఎవరిదో ఇద్దరూ ఒప్పుకోలా.

బయట సోడా తాగతా
పెంచలయ్య ఎటో చూసి అడిగాడు,
"నా చొక్కా ఉందా?"
"ఉంది. నువ్వే ఒళ్లు చేశావు."
"ఇక పట్టదంటావా?"
"పక్కల్లో గుడ్డ వదిలే కుట్టాన్లే,
రేపు రా, విప్పి చూద్దాం."