రెండు పేజీలు

గుంటూరు కొత్తపేటలో, మేడమీది గదిలో
మా పియానోకి వానాకాలం ఒక మెట్టు లేవదు.
నొక్కితే కిందనే ఉండిపోతుంది,
బడికి పోనని మంచం దిగని పిల్లాడిలా.
గోటితో పైకి లాగి మళ్లీ వాయించాలి.

మస్తాన్‌వలి ఇంటర్ రెండో ఏడు.
నా దగ్గరా ఇంటర్మీడియట్టే.
"అక్కడా మధ్యలోనే, ఇక్కడా మధ్యలోనే టీచర్" అంటాడు
మెడలో కాలేజీ కార్డు తియ్యకుండానే కూర్చుని.
వాళ్ల నాన్న మిర్చి యార్డులో కాటా గుమస్తా.
వాడు సంచీ జిప్పు లాగితే చాలు, నాకు తుమ్ములు.

వాడికి సినిమా పాట కావాలి.
నేను రెండు పేజీల మినియెట్ పెట్టాను.
"ఇందులో ఏముంది టీచర్? మాటే లేదు కదా."
ఏముందో చెప్పడం నాకూ చేతకాదు.

ఇదిగో, ఎడం చెయ్యి.
ఇన్నాళ్లూ దాన్ని కుడిచేతి వెనక
బస్తాలు మోసే ముఠా కూలీని చేశావు.
ఇక్కడ అదీ ఒక మాట అంటుంది.
అది వినపడాలంటే కుడిచెయ్యి కాస్త తగ్గాలి.
ఆ తగ్గడానికే ఆరు వారాలు పడుతుంది, పట్టనీ.

ఇదిగో, ఇక్కడ ఏమీ లేదు. ఖాళీ.
ఖాళీని కూడా లెక్కపెట్టాలి.
కాటా ముల్లు నిలబడేదాకా
మీ నాన్న ఊపిరి బిగబట్టి చూస్తాడే, అంతసేపు.

వాడు మొదటిసారి కాగితం వంక సరిగ్గా చూశాడు.

చిన్నపిల్లల పాఠాలు చొక్కా పొట్టయినట్టు పొట్టయ్యాయి.
పెద్దవాళ్లవి ఇంకా వేళ్లకి అందవు.
ఈ మధ్యలోనే చాలామంది దిగిపోతారు.
నేనూ దిగిపోయినదాన్నే,
ఆదివారం ఆరాధనకి సరిపడా వచ్చింది, చాల్లే అని.
పంతొమ్మిదేళ్లకి మళ్లీ ఎక్కాను,
ఇవే రెండు పేజీలు పట్టుకుని,
ఇద్దరు పిల్లలు నిద్రపోయాక, మెత్తగా.

క్వార్టర్లీలని వాడు మూడు వారాలు రాలేదు.
వచ్చినరోజు వాన. కూర్చోగానే కరెంటు పోయింది.
కొవ్వొత్తి కోసం నేను వంటింట్లో తడుముకుంటుంటే
చీకట్లో మొదలుపెట్టాడు.
ఎడం చెయ్యి తన మాట అంది.
ఆ పాడు మెట్టు దగ్గరికొచ్చింది, ఇరుక్కుంది.
దాని పక్కనే ఆ ఖాళీ.
ఆ ఖాళీలోనే, లెక్క తప్పకుండా,
మెట్టుని గోటితో పైకి తీసి, ముందుకెళ్లిపోయాడు.

అగ్గిపెట్టె చేతిలోనే ఉంది. గియ్యలేదు.
"రెండో పేజీ గుర్తుందా?" అన్నాను గుమ్మంలోంచి.
"సగం" అన్నాడు.