రెండూ, ఆగి, ఒకటీ

ఆస్కా రోడ్డు మీద ఆ మేడని
మా దేరా వీధి పిల్లలంతా భూత్ బంగళా అనేవాళ్ళు.
రాత్రిళ్ళు అక్కడ మనుషుల్ని మేక మీదెక్కించి తిప్పుతారని
నా పెళ్ళయిన కొత్తలో దాలమ్మత్త ఒట్టేసి చెప్పింది.
అడిగితే ఆయన నవ్వేరు.
"మేకా? దాన్ని మేపేదెవరు?"
అంతే. ముప్పై నాలుగేళ్ళలో
లాడ్జి గురించి నాతో అన్న మాట అదొక్కటే.

నెలకో శనివారం నల్ల బ్రీఫ్‌కేసు,
నల్ల కోటు, ఈ బరంపురం ఉక్కలో.
గొర్రెతోలు ఏప్రానుకి వానాకాలం బూజు పట్టేది.
ఉతక్కూడదు. ఎండలో వెయ్యకూడదు, ఎవరైనా చూస్తారు.
అప్పడాలొత్తిన చేత్తోనే
టాల్కం పౌడరు అద్ది తుడిచేదాన్ని.
అదేం రహస్యమో నాకు తెలీదు గానీ
దాని బూజు దులిపింది మాత్రం నేనే.

జ్యేష్ఠం చివర పోయేరు.
ఇవాళ, నలభయ్యో రోజున,
డాక్టర్ పాఢి కారు పంపించేడు.
ఈ ఒక్క సాయంత్రం ఆడవాళ్ళు లోపలికి రావచ్చట.

గుమ్మంలో కత్తి పట్టుకుని ఒకాయన.
బెదిరి, తర్వాత పోల్చుకున్నాను:
భాపూర్ బజార్లో గడియారాలు బాగుచేసే ప్రహరాజు.
పదును లేని కత్తి, వణికే చెయ్యి.
"మెట్టు చూసుకోండమ్మా" అని
కత్తి చంకలో పెట్టుకుని చెయ్యి అందించేడు.

లోపల
నల్లా తెల్లా చదరాల నేల.
ఒక చదరం పగిలితే సిమెంటు పూసేరు.
కప్పు నిండా నక్షత్రాలు, చెమ్మకి సగం రాలినవి.
మూడు కొవ్వొత్తులు. పదకొండు మంది ముసలాళ్ళు.
మేక లేదు.

పేర్లు పిలిచేరు.
"బ్రదర్ ఊన త్రినాథరావు" అన్నప్పుడు
ఎవరూ పలకలేదు, టిక్కుటిక్కుమనే ఫ్యాను తప్ప.

గోడ మీద మూలమట్టం, వృత్తలేఖిని.
వృత్తలేఖిని నాకు తెలుసు.
రుషికుల్య కాలవల ఆఫీసులో దాంతోనే
కాగితాల మీద తూములు గీసేవారు.
రాత్రి దాని మొనని దీపానికి కాల్చి
ఆయన పాదంలో తుమ్మముళ్ళు తీసేదాన్ని నేను.

ఇప్పుడు ఒక్కొక్కరూ లేచొచ్చి
ఆయన పటం ముందు పెట్టిందేమిటి? తుమ్మకొమ్మ!
చావులేనిదానికి గుర్తట.
బతికినన్నాళ్ళూ ఆ చెట్టుని తిట్టిన మనిషికి.
నవ్వొచ్చి కొంగు అడ్డం పెట్టుకున్నాను.
ఏడుస్తున్నాననుకుని
టింబరు డిపో బేగ్ సాయిబు మంచినీళ్ళు తెచ్చేడు.

అప్పుడు పాఢి చిన్న సుత్తి ఎత్తేడు.
టక్ టక్.
ఆగి,
టక్.

నేను లేచి నిలబడ్డాను.
ఎందుకు లేచేనో అక్కడెవరికీ తెలీదు.
కాళ్ళు చెప్పులు వెతుక్కుంటున్నాయి,
చెయ్యి గడియ కోసం సాగింది.
కేంపునుంచి ఏ అర్ధరాత్రి వచ్చినా
మా తలుపు మీద అదే: రెండూ, ఆగి, ఒకటీ.
పిలవరు. బెల్లు నొక్కరు.
తుపాను రాత్రి
రేకులు కొట్టుకునే చప్పుడూ కొమ్మలు విరిగే చప్పుడూ
అన్నిట్లోంచీ అదొక్కటి ఏరుకుని
చీకట్లో తడుముకుంటూ వెళ్ళి తీసేదాన్ని.

నాకు చెప్పకూడనిది
రోజూ నాకే చెప్పుకున్నారన్నమాట.

కూర్చోమన్నారు. కూర్చున్నాను.
తర్వాత భోజనాలు. పూరీ, డాల్మా, ఖీరి,
పెద్ద బజారు కొట్లో కొన్న అప్పడాలు, నావే.
ఒక్కటి మాడ్చేసేరు.
ఒడియాలో వదినా అని పిలిచి
"ఏమైనా అడగాలనుందా? ఇవాళ అడగొచ్చు" అన్నాడు పాఢి.

ఆ మేకని ఇప్పుడెవరు మేపుతున్నారన్నాను.

బల్లంతా నవ్వింది. ప్రహరాజు కళ్ళు తుడుచుకున్నాడు.
చప్పుడు సంగతి చెప్పలేదు.
చెబితే ఆయన ఒట్టు తప్పినట్టవుతుంది.

ఇంటికొచ్చేసరికి వాన.
బ్రీఫ్‌కేసు ఇంకా మంచం కిందే ఉంది.
రేపు తీసి
బూజు చూడాలి.