ఒకూమె

జనరేటర్ రెండుసార్లు దగ్గి
మూడోసారికి అందుకుంది.
బడి గోడకి కట్టిన దుప్పటి మీద
ఒక తెల్లదొర ఓడ దిగాడు.
ఎనిమిదేళ్ల తర్వాత ఇల్లు చేరాడట.
ఇల్లంటే
మా అడవి.

ఒగోవే నది మీద నేనే మోసుకొచ్చాను ఈ సినిమాని,
ప్రొజెక్టర్‌ని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని
తుంపర తగలకుండా.
టికెట్టు వంద ఫ్రాంకులు.
లేనివాళ్లు రెండు అరటికాయలు.

దొర చొక్కా విప్పాడు. పిల్లలు ఈలలేశారు.
తీగ పట్టుకుని వాగు దాటాడు.
"ఆ చేతులు బొబ్బలెక్కలేదేం?" అంది ఒయానె,
చీకట్లోనే గుమ్మడి గింజలు ఒలుస్తూ.
ఏనుగొకటి ఆయన్ని గుర్తుపట్టి తొండమెత్తింది.
"పోర్ జాంతీ నుంచి మా ఆయన తిరిగొస్తే
మా కుక్క రెండ్రోజులు మొరిగింది!"
ఆ నవ్వుల్లో ఒక యుద్ధం సగం కొట్టుకుపోయింది.

సినిమాలో మేమూ ఉన్నాం.
పేర్లు లేవు.
ఈటెలు పట్టుకుని, పొదల్లో నిలబడి,
ఆయనొచ్చాడని డప్పులు కొడుతున్నాం.
మేం మాట్లాడే భాష మాలో ఎవరికీ రాదు.
"వాళ్లెవరు మామా?" అన్నాడు ఎకొమి.
"మనమేరా."
వాడు తన చేతులు తిప్పి చూసుకున్నాడు.

అప్పుడు లేచాడు ంజొగె తాత.
ముప్పై ఒక్కేళ్లు కలప కంపెనీలో చేసినవాడు,
కుడిచేతికి మూడే వేళ్లున్నవాడు.
"ఆపు. వెనక్కి తిప్పు. ఇంకాస్త. అక్కడ!"

దొర గాల్లో ఆగిపోయాడు, ఒక కాలు పైకెత్తి.
ఆయన తన్నిన చెట్టు
మూల దగ్గర కొంచెం చిరిగింది.
లోపల గులాబీ రంగు
పొరలు పొరలుగా,
తడిసి ఉబ్బిన పుస్తకంలా.

"ప్లైవుడ్డు," అన్నాన్నేను.
"ఒకూమె," అన్నాడు తాత.
"నేనే నరికుంటాను.
మొదట్లో సుత్తితో నంబరు గుద్ది
నదిలోకి తోసేవాళ్లం.
సముద్రం దాటాక ఏమవుతుందో
ఎవడూ చెప్పేవాడు కాదు."

దుప్పటి దగ్గరికి నడిచాడు.
దొర మొహం మొత్తం
తాత వీపు మీద పడింది.
బజ్జీల నూనె ఇంకా ఆరని చేత్తో
ఆ చిరుగుని తడిమాడు.

"వచ్చావా,"
అన్నాడు ఫాంగ్‌లో, చాలా మెల్లగా.
"ఎంత చిక్కిపోయావు!"

ఎవరూ నవ్వలేదు.
ఒయానె చేతుల్లో గింజల చప్పుడు ఆగింది.

తర్వాత సినిమా నడిచింది.
దొర గెలిచే ఉంటాడు,
నాకు సరిగ్గా గుర్తులేదు.
పెట్రోలు చూసుకుంటున్నాను.

దుప్పటి నేను ఉతకలేదు.
ఇప్పుడు ఏ రేవులో ఆట వేసినా
ఇంటికి తిరిగొచ్చే ఆ వీరుడు
ఎడమవైపు కింద,
మూడు వేళ్ల నూనె మరక
దాటుకునే రావాలి.