ఎడమ బూటు

ఒరురో దారిలో టోల్ గేటు.
కిటికీలోంచి లోకానికి కనబడేది
సెనోబియా కుడిచెయ్యి, అదీ మోచేతి దాకా.

అయినా చీకట్నే లేచి
బక్కెట్లో పేరిన మంచు పగలగొట్టి మొహం కడుక్కుని
బూట్లకి పాలిష్ పడుతుంది.
ఎడమదానికి అతుకుంది, రెండు రుద్దులు ఎక్కువ.

"నీ బూట్లు ఎవడు చూడొచ్చాడే?"
నైట్ డ్యూటీ దిగుతూ ఫౌస్టినో,
యూనిఫాం చొక్కా కింద పైజమాతో.

లారీవాళ్ళు చిల్లర విసురుతారు, తిట్లూ విసురుతారు.
ఆమె చిల్లరే లెక్కలో రాస్తుంది.

నిన్న వడగళ్ళ వాన. గేటు కర్ర ఇరుక్కుంది.
హారన్లు.
బురదలోకి దిగి, భుజం పెట్టి ఎత్తింది.

అందరికంటే గట్టిగా హారన్ కొట్టినవాడు
ఇవాళ రసీదు తీసుకుని కదల్లేదు.
"బూట్లు ఆరాయా, అక్కా?"

సెనోబియా ఓ కాలెత్తి
కిటికీ అంచున పెట్టింది.
ఎడమది.